ప్రసూతి, అనారోగ్య భత్యాల చెల్లింపు

ప్రసూతి, అనారోగ్య భత్యాలు అనగా కార్మికురాలు ప్రసవించినప్పుడు గాని, కార్మికులు జబ్బుపడినప్పుడు గాని పనికి హాజరు కాలేని రోజులకు చట్టప్రకారం లభించే సొమ్ము. బ్రిటన్ వంటి దేశాలలో 1980ల నుండి ఈ రెండింటినీ యజమానియే జీతంతో పాటు లెక్కగట్టి ఇచ్చే పద్ధతి ఉన్నది. భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ అనారోగ్య భత్యం ప్రధానంగా కార్మిక రాజ్య బీమా (ఈఎస్ఐ) నుండి వస్తుంది. ప్రసూతి భత్యం మాత్రం, ఈఎస్ఐ పరిధిలోని సంస్థ అయితే బీమా సంస్థ నుండి, లేనిచో నేరుగా యజమాని నుండి వస్తుంది. ఈ వ్యాసం ఆ చెల్లింపుల విధానాన్ని, గణపవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేరు ప్రాంతపు పనివారికి అది ఎంతవరకు అందుతుందో వివరిస్తుంది.

చరిత్ర

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో తన మూడవ ఒప్పందంగా ప్రసూతి రక్షణను ఆమోదించింది. భారతదేశంలో మొదట 1929లో బొంబాయి రాష్ట్రం ప్రసూతి భత్య చట్టాన్ని చేసింది. ఏలూరు కేంద్రంగా 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది గనుక, ఈ ప్రాంతానికి వర్తించిన తొలి చట్టం 1934 నాటి మద్రాసు ప్రసూతి భత్య చట్టం. అది కర్మాగారాలకే పరిమితం. వరి పొలాలే జీవనాధారమైన డెల్టా గ్రామాలలో దాని వలన ప్రయోజనం పొందిన స్త్రీలు ఎందరో ఉండి ఉండరు.

బి.పి.అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక ఆధారంగా 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో పథకం మొదలైంది. "పనిచేసే చోట న్యాయమైన, మానవీయమైన పరిస్థితులు, ప్రసూతి సహాయం" కల్పించవలసిన బాధ్యతను రాజ్యాంగంలోని 42వ అధికరణం రాజ్యానికి అప్పగించింది. రాష్ట్రాల వారీగా ఉన్న ప్రసూతి చట్టాల స్థానంలో 1961లో దేశమంతటికీ ఒకే ప్రసూతి భత్య చట్టం చేయబడింది. ఆరంభంలో సెలవు 12 వారాలే. 2017 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణతో అది 26 వారాలైంది.

పై రెండు చట్టాలతో పాటు మరికొన్నింటిని కలిపి రూపొందించిన సామాజిక భద్రతా కోడ్, 2020 అనే చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఇందులో నాలుగవ అధ్యాయం ఈఎస్ఐకి, ఆరవ అధ్యాయం ప్రసూతి భత్యానికి సంబంధించినవి. పాత చట్టాలలోని ముఖ్యాంశాలు చాలావరకు మారకుండా వీటిలోకి వచ్చాయి. కొత్త కోడుకు విరుద్ధం కానంత మేరకు పాత నియమాలు, ప్రకటనలు కొంతకాలం కొనసాగే ఏర్పాటు కూడా ఉన్నది. అందుచేత గుమస్తాలు, కార్మిక సంఘాలవారు నేటికీ పాత చట్టాల పేర్లనే వాడుతుంటారు.

ఈఎస్ఐ ద్వారా చెల్లింపు

పదిమంది లేదా అంతకు మించి పనివారు గల సంస్థలు ఈఎస్ఐ పరిధిలోకి వస్తాయి. ఏడాదిలో కొన్ని నెలలే నడిచే "సీజనల్" కర్మాగారాలకు మినహాయింపు ఉన్నది. చక్కెర, బెల్లం తయారీ ఈ మినహాయింపు జాబితాలో ఉన్నది, ధాన్యం మిల్లు లేదు. నెల జీతం 21,000 రూపాయలకు మించనివారిని మాత్రమే బీమా చేస్తారు. ఈ పరిమితి 2017 జనవరి 1న నిర్ణయించబడింది, వికలాంగులకు 25,000 రూపాయలు. రోజుకూలీ, ముక్కకూలీ (కిలోకింత, బస్తాకింత అని ఇచ్చేది), కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు అనే తేడా చట్టంలో లేదు. కాంట్రాక్టరు తెచ్చిన పనివారి చందాకు కూడా మొదటి బాధ్యత అసలు యజమానిదే, తరువాత దానిని కాంట్రాక్టరు నుండి రాబట్టుకోవచ్చును.

2019 జూలై 1 నుండి చందా రేటు యజమానికి జీతంలో 3.25 శాతం, ఉద్యోగికి 0.75 శాతం. సగటున రోజుకు 176 రూపాయల వరకు మాత్రమే వచ్చేవారు తమ వాటా చెల్లించనక్కరలేదు, యజమాని వాటా మాత్రం తప్పదు. ఒక నెల చందాను తరువాతి నెల 15వ తేదీలోగా జమ చేయాలి. ఉదాహరణకు నెలకు 26 పనిదినాలు, 13,000 రూపాయల జీతం గల వ్యక్తి విషయంలో ఉద్యోగి వాటా 98 రూపాయలు, యజమాని వాటా 423 రూపాయలు (పైసలను పై రూపాయికి సవరిస్తారు). యజమాని తన వాటాను కూడా జీతంలోనుండి కోయడం చట్టవిరుద్ధం.

ఏడాదిని రెండు చందా కాలాలుగా విభజించారు. ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు కట్టిన చందాకు ఫలితం మరుసటి జనవరి 1 నుండి జూన్ 30 వరకు, అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు కట్టినదానికి ఫలితం జూలై 1 నుండి డిసెంబరు 31 వరకు లభిస్తుంది. ఈ మూడు నెలల ఎడం తెలియక చాలామంది తికమకపడతారు. కొత్తగా చేరినవారికి నగదు భత్యం చేరిన తొమ్మిది నెలల తరువాత గాని మొదలు కాదు. చందా కాలం మధ్యలో జీతం పరిమితి దాటినా ఆ కాలం ముగిసేవరకు బీమా కొనసాగుతుంది.

అనారోగ్య భత్యం పొందాలంటే సంబంధిత చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించబడి ఉండాలి. భత్యం సగటు దినవేతనంలో 70 శాతం. వరుసగా వచ్చే రెండు ప్రయోజన కాలాలలో, అంటే సుమారు ఏడాదిలో, 91 రోజుల వరకు ఇస్తారు. మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. అయితే మునుపటి జబ్బు సెలవు ముగిసిన 15 రోజులలోపు తిరిగి జబ్బుపడితే ఈ రెండు రోజుల కోత ఉండదు. పై ఉదాహరణలోని వ్యక్తి ఆరు నెలలలో 156 రోజులకు 78,000 రూపాయలు సంపాదించాడనుకుంటే సగటు దినవేతనం 500, భత్యం 350 రూపాయలు. అతడు టైఫాయిడుతో 20 రోజులు మంచం పట్టినచో 18 రోజులకు 6,300 రూపాయలు వస్తాయి. క్షయ, క్యాన్సర్, పక్షవాతం వంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు పొడిగించిన భత్యం ఉన్నది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సకు పూర్తి వేతనం చొప్పున పురుషులకు 7 రోజులు, స్త్రీలకు 14 రోజులు ఇస్తారు.

ఇందులో యజమాని చేతిమీదుగా డబ్బు పోదు. బీమా వైద్యాధికారి ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా ఈఎస్ఐ శాఖా కార్యాలయం నేరుగా ఉద్యోగి బ్యాంకు ఖాతాలో వేస్తుంది. యజమాని చేయవలసినవి వేరే ఉన్నాయి. చేరిన రోజునే పేరు నమోదు చేయడం, చందా సక్రమంగా కట్టడం, హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు నిజాయితీగా రాయడం, ఫలానా తేదీలలో ఆ వ్యక్తి పనికి రాలేదని అడిగినప్పుడు ధ్రువీకరించడం అతని బాధ్యతలు. పనిరోజులు తక్కువ చూపితే చందా ఆదా అవుతుందని 26 రోజులు పనిచేసిన మనిషికి 10 రోజులే రాసిన చోట, జబ్బు చేసినప్పుడు ఆ మనిషికి 78 రోజులు నిండవు. ఈ తప్పు బయటపడేది సాధారణంగా ఆసుపత్రి మంచం మీదనే. యజమాని అసలు నమోదే చేయకపోయినా, చందా ఎగవేసినా, బీమా సంస్థ ఉద్యోగికి భత్యం చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుండి వసూలు చేసే అధికారం కలిగి ఉన్నది. ఈ సంగతి తెలిసిన పనివారు తక్కువ.

ఈఎస్ఐలో ప్రసూతి భత్యం నిమిత్తం, వెనుకటి రెండు వరుస చందా కాలాలలో కలిపి 70 రోజుల చందా ఉంటే చాలు. పూర్తి సగటు వేతనం 26 వారాలకు ఇస్తారు. పై లెక్క ప్రకారం 182 రోజులకు 91,000 రూపాయలు. ఇద్దరు లేదా అంతకు మించి పిల్లలున్న తల్లికి 12 వారాలు.

జబ్బు సెలవులోగాని, ప్రసూతి సెలవులోగాని ఉన్న వ్యక్తిని పనిలోనుండి తీసివేయరాదని, శిక్షించరాదని 1948 చట్టంలోని 73వ సెక్షను శాసించింది.

యజమాని నేరుగా చెల్లించే ప్రసూతి భత్యం

కర్మాగారాలు, గనులు, తోటలు, పదిమందికి పైబడిన దుకాణాలు, ఇతర సంస్థలలో ఈఎస్ఐ వర్తించని స్త్రీలకు యజమానియే ప్రసూతి భత్యం ఇవ్వాలి. ఈఎస్ఐ ఉన్న సంస్థలోనే జీతం 21,000 దాటినందున బీమా లేని ఉద్యోగిని కూడా ఈ కోవలోకే వస్తుంది. మినహాయింపు పొందిన చక్కెర కర్మాగారంలోని స్త్రీలదీ ఇదే దారి.

అర్హతకు ఒకటే కొలత. ప్రసవం అగునని వైద్యులు చెప్పిన తేదీకి ముందు 12 నెలలలో కనీసం 80 రోజులు ఆ యజమాని వద్ద పనిచేసి ఉండాలి. 1988 సవరణకు పూర్వం ఇది 160 రోజులు. సెలవు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించరాదు. ఇద్దరు పిల్లలు బ్రతికి ఉన్న తరువాతి కాన్పుకు 12 వారాలు, ముందు 6 వారాలు. సెలవు మొదలయ్యే ముందు మూడు నెలల సగటు వేతనమే దినభత్యం. వారంలో ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1977లో బి.షా కేసులో తీర్పు చెప్పింది. కొత్త కోడు ప్రకారం అలవెన్సుల పేరిట ఇచ్చే మొత్తం జీతంలో సగానికి మించితే ఆ మిగులును కూడా వేతనంగానే లెక్కించాలి. మూలవేతనం తక్కువ చూపి భత్యం తగ్గించే అలవాటుకు ఇది కొంత అడ్డుకట్ట.

చెల్లింపు రెండు విడతలు. గర్భిణి అని వైద్య ధ్రువపత్రం చూపి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వగానే ప్రసవానికి ముందు కాలపు భత్యాన్ని ముందుగానే ఇవ్వాలి. బిడ్డ పుట్టినట్లు రుజువు చూపిన 48 గంటలలో మిగిలిన మొత్తం ఇవ్వాలి. నోటీసు ముందు ఇవ్వలేకపోయినవారు కాన్పు అయిన తరువాత కూడా ఇవ్వవచ్చును, ఆలస్యం వలన హక్కు పోదు. నెలనెలా జీతంతో పాటు ఇస్తామనడం వాడుకలో ఉన్నదిగాని, చట్టం చెప్పింది అది కాదు. సంస్థ ఉచితంగా వైద్యం ఏర్పాటు చేయనప్పుడు 3,500 రూపాయల వైద్య బోనసు అదనం. తల్లి కాన్పులోగాని, తరువాత సెలవులోగాని మరణించి బిడ్డ మిగిలితే మొత్తం కాలపు భత్యం ఇవ్వవలసిందే.

గర్భస్రావానికి 6 వారాలు, ట్యూబెక్టమీకి 2 వారాలు, గర్భం వలన వచ్చిన జబ్బుకు అదనంగా ఒక నెల సెలవు వేతనంతో ఇవ్వాలి. కాన్పు తరువాత ఆరు వారాలు ఆమెచేత పని చేయించడం నిషేధం. కాన్పు దగ్గరపడినప్పుడు, ఆమె కోరినచో, బరువు పనులు, గంటల తరబడి నిలబడి చేసే పనులు అప్పగించరాదు. తిరిగి చేరిన తరువాత బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి. 50 మంది పైబడిన చోట శిశుసంరక్షణ గది ఉండాలి, రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే వీలు కల్పించాలి.

ఈ పద్ధతిలోని లోపం అందరికీ తెలిసినదే. ఈఎస్ఐలో యజమాని, ఉద్యోగి కలిసి నెలకు 521 రూపాయలు కడితే 91,000 రూపాయల భారాన్ని బీమా నిధి మోస్తుంది. ఇక్కడ అదే 91,000 ఒక్క యజమాని జేబులోనుండి పోవాలి, ప్రభుత్వం తిరిగి ఇచ్చేది లేదు. పన్నెండు మంది పనిచేసే చిన్న సంస్థకు ఇది భారమే. దాని ఫలితంగా కొత్తగా పెళ్ళయిన అమ్మాయిలను పనిలోకి తీసుకోకపోవడం, ఐదవ నెల రాగానే "ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమ్మా" అని మర్యాదగా పంపివేయడం జరుగుతున్నాయి. కొన్ని ప్రైవేటు పాఠశాలల్లో వేసవికి ముందు ఉపాధ్యాయినులను తొలగించి జూన్‌లో తిరిగి చేర్చుకుంటారు. దీనివలన సర్వీసు తెగినట్లు కనిపించినా, 80 రోజులు ఏడాది మొత్తంలో లెక్కించవలసినవి గనుక అర్హత చాలాసార్లు నిలిచే ఉంటుంది. హాజరు రిజిస్టరు నకలు గాని, జీతం జమ అయిన బ్యాంకు పుస్తకం గాని దగ్గర ఉంచుకొన్నవారు దానిని రుజువు చేసుకోగలరు.

ప్రభుత్వ ఉద్యోగులు, దుకాణ సిబ్బంది

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగినులకు 2010 నుండి 180 రోజుల ప్రసూతి సెలవు పూర్తి జీతంతో ఉన్నది. ఇద్దరు పిల్లల వరకే అనే పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో తొలగించింది. జబ్బు నిమిత్తం ఏడాదికి 20 రోజుల చొప్పున సగం జీతపు సెలవు జమ అవుతుంది, వైద్య ధ్రువపత్రంపై దానిని రెట్టింపు ఖర్చు రాసి పూర్తి జీతపు సెలవుగా మార్చుకోవచ్చును. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం దుకాణ సిబ్బందికి ఏడాదికి 12 రోజుల వరకు వేతనంతో కూడిన జబ్బు సెలవు ఉన్నది. కర్మాగారాలకు ఇటువంటి ప్రత్యేక జబ్బు సెలవు లేదు, ఈఎస్ఐయే దిక్కు.

గణపవరం, కొల్లేరు ప్రాంతంలో

తాడేపల్లిగూడెం, భీమవరం, ఏలూరు పట్టణాల నడుమ డెల్టాలో గల గణపవరం చుట్టుప్రక్కల పనులు మూడు రకాలు: వరి సాగు, ధాన్యం మిల్లులు, చేపలు-రొయ్యల చెరువులు. వీటిలో చట్టం చేతికి అందేది మిల్లు, మేత తయారీ కర్మాగారం, ఐసు ఫ్యాక్టరీ, రొయ్యల శుద్ధి కర్మాగారం వంటివి. మిల్లులో డ్రైవరు, ఫిట్టరు, గుమస్తా వంటి స్థిర సిబ్బంది పేర్లు రిజిస్టరులో ఉంటాయి. బస్తాలు మోసే జట్టు మాత్రం మేస్త్రీ క్రింద పనిచేస్తుంది. బస్తాకు ఇంత అని మేస్త్రీకి ముట్టిన కూలి జట్టులో పంచబడుతుంది. ఈ రోజు ఒక మిల్లులో, రేపు మరొక మిల్లులో పని. వీరిలో నడుము పట్టేసి నెల రోజులు ఇంట్లో కూర్చున్న వ్యక్తికి ఏ మిల్లు యజమాని చందా కట్టాలి అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉన్నది, ఎవరి ఆవరణలో ఎన్ని రోజులు పనిచేశాడో ఆ యజమాని కట్టాలి. కాని ఆ రోజుల లెక్క ఉన్నది మేస్త్రీ జేబులోని చిన్న నోటుపుస్తకంలోనే.

రొయ్యల శుద్ధి కర్మాగారాలలో తలలు తీయడం, పెంకు వలవడం ఎక్కువగా స్త్రీల పని. చల్లని నీటిలో చేతులు పెట్టి, గంటలకొద్దీ నిలబడి చేయవలసినది. గర్భిణికి నిలబడి చేసే పని తప్పించాలన్న నియమం అచ్చంగా ఇటువంటి చోటి కోసమే అన్నట్లుంటుంది. సరుకు వచ్చిన రోజులలోనే పని దొరకడం వలన నెలలో పనిదినాలు ఒకేలా ఉండవు. అయినా ఏడాదిలో 70 లేదా 80 రోజులన్నది నిండని సంఖ్య కాదు. ఇక్కడి ఆచారం ప్రకారం తొలి కాన్పుకు ఆడపిల్లను ఏడవ నెలలోనే పుట్టింటికి తీసుకువెళ్తారు. చట్టం ఇచ్చే ముందు సెలవు 8 వారాలే గనుక అంతకు ముందు రోజులకు భత్యం రాదు, కాని అంతమాత్రాన ఉద్యోగం వదలివేసినట్లు రాసి ఇవ్వనక్కరలేదు. వెళ్ళేముందు నోటీసు ఇచ్చి, దాని నకలుపై సంతకం తీసుకోవడం మేలు. కాన్పు పుట్టింటి ఊరిలో జరిగినా జనన ధ్రువపత్రం గాని, వైద్యుల ధ్రువపత్రం గాని రుజువుగా చెల్లుతుంది.

ఈఎస్ఐ ఆసుపత్రులు ఈ ప్రాంతానికి కొంత దూరం. రాజమహేంద్రవరంలోను, విజయవాడ గుణదలలోను ఉన్నాయి. జ్వరం వచ్చిన కొల్లేరు లంక గ్రామస్థుడు ప్రక్క ఊరి ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకొని నాలుగు రోజులు పడుకుంటాడే గాని, ధ్రువపత్రం కోసం బీమా వైద్యాధికారి దగ్గరకు బస్సెక్కడు. ఆ నాలుగు రోజులలో రెండు ఎలాగూ కోతే. చిన్న జబ్బులకు భత్యం అడిగేవారు అరుదుగా ఉండడానికి ఇది ముఖ్య కారణం.

చేపల చెరువుల సంగతి మరింత చిక్కు. చెరువు కాపలాదారు కుటుంబంతో సహా గట్టు మీదనే ఉంటాడు, మేత వేస్తాడు, కాని ఒక్కొక్క చెరువుకు ఒకరిద్దరే కనుక పదిమంది లెక్క రాదు. వల లాగే జట్లు, చేపలను ఐసుతో సర్ది హౌరా, గౌహతి వైపు లారీలకెత్తే జట్లు ఊరూరా తిరుగుతాయి. ఏలూరు తివాచీ నేతగాళ్ళలో ఇళ్ళలోనే మగ్గం పెట్టుకొని గజాల లెక్కన కూలి తీసుకొనేవారిది కూడా ఇదే స్థితి.

చట్టం వెలుపల ఉన్నవారు

నాట్లు వేసే కూలీలు, ఇళ్ళలో పనిచేసేవారు, చిన్న దుకాణాలవారు పై రెండు పద్ధతులలోను లేరు. వీరికి యజమాని నుండి రావలసిన భత్యం ఏదీ లేదు, ప్రభుత్వ పథకాలే ఉన్నాయి. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రతి గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సహాయం అన్నది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తున్నది. 2022 నుండి రెండవ సంతానం ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు. అంగన్‌వాడీ కేంద్రం ద్వారా నమోదు చేయించుకోవచ్చును. మిల్లులో నమోదైన స్త్రీకి 91,000 వచ్చిన వీధిలోనే, నాట్లకు వెళ్ళే ఆమెకు 5,000 వస్తుంది.

జబ్బు విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో "వైఎస్సార్ ఆరోగ్య ఆసరా" పేరుతో ఒక ప్రయోగం చేసింది. ఆరోగ్యశ్రీలో శస్త్రచికిత్స చేయించుకొన్న పేద రోగికి వైద్యులు సూచించిన విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయలకు మించకుండా ఇవ్వడం దాని ఉద్దేశం. వేతన నష్టాన్ని, యజమాని ప్రసక్తి లేకుండా, నేరుగా భర్తీ చేయాలన్న ఆలోచన కావడం దీని విశేషం.

ముఖ్యమైన తీర్పులు

ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషనులో మస్టరు రోలు మీద రోజుకూలీకి రోడ్డు పనులు చేసే స్త్రీలకు ప్రసూతి భత్యం నిరాకరించగా, వారికి కూడా 1961 చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పు చెప్పింది. "పర్మినెంటు" కాదు గనుక హక్కు లేదు అనే వాదానికి ఈ తీర్పు తరువాత చోటు లేదు. 2023 ఆగస్టులో కవితా యాదవ్ కేసులో, కాంట్రాక్టు గడువు ముగిసినా మొత్తం కాలపు ప్రసూతి భత్యం ఇవ్వవలసిందేనని అదే కోర్టు తీర్పునిచ్చింది. 2025 మే నెలలో తమిళనాడుకు చెందిన ఉపాధ్యాయిని కె.ఉమాదేవి కేసులో, ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కులలో భాగమని పేర్కొన్నది. మొదటి వివాహం ద్వారా ఇద్దరు పిల్లలున్నారన్న కారణంతో, పునర్వివాహం తరువాతి కాన్పుకు ఆమెకు సెలవు ఇవ్వలేదు.

భత్యం అందనివారు ఈఎస్ఐ విషయమైతే శాఖా కార్యాలయంలోను, యజమాని ఇవ్వవలసిన ప్రసూతి భత్యమైతే కార్మిక శాఖ తనిఖీ అధికారి వద్ద (కొత్త కోడులో వీరిని ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అంటారు) ఫిర్యాదు చేయవచ్చును. సెలవులో ఉండగా తీసివేయబడిన స్త్రీకి కూడా భత్యం, వైద్య బోనసు రావలసినవే.